గంట మిట్ట మీద గుడి

పోయిన అక్టోబరులో అమ్మ సియోల్ వచ్చింది. వచ్చిన మూడో రోజే ఆదివారం. తెల్లారకముందే స్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, జపమాల చేతికి చుట్టుకుని కూర్చుంది. "ఇక్కడ మన ఆర్‌సీఎం గుడి ఉందా అమ్మాయ్?" అంది. గుంటూరు జిల్లా పల్లెల్లో మేం చర్చిని గుడి అనే అంటాం. అక్కడ జరిగేది పూజ. నాలుకకు అలవాటైన మాటలివి, ఈ వ్యాసంలోనూ వాటినే వాడుకుంటాను.

మ్యోంగ్‌డాంగ్ తీసుకెళ్లాను. రైలు దిగి పైకొస్తే ముఖానికి రాసుకునే క్రీముల కొట్లు, కాలుతున్న తీపి రొట్టెల వాసన, నాలుగైదు భాషల్లో పిలుపులు, భుజం భుజం రాసుకుపోయే జనం. మన కోఠీ, బీసెంట్ రోడ్డు కలిపితే వచ్చేంత సందడి. ఆ సందులు దాటి ఎడమకి తిరిగితే నేల మెల్లగా లేస్తుంది. మిట్ట మీద ఎర్ర ఇటుక, బూడిదరంగు ఇటుక కలిపి కట్టిన గుడి, దాదాపు 47 మీటర్ల గంటస్తంభం. అమ్మ మెట్ల దగ్గర ఆగి తలెత్తి చూసి, "ఏ దొరలు కట్టించారు?" అని అడిగింది.

ఆ ప్రశ్న ఆమెకు సహజం. మా వైపు ఏ ఊరి గుడి చరిత్ర తీసినా ఒక దొరతో మొదలవుతుంది. గడ్డం ఉన్న ఫాదరుగారు, ఎడ్లబండి, తాటాకు పాక, తర్వాత బడి, ఆసుపత్రి. కొరియాలోనూ అంతే అనుకుంటూ పదకొండేళ్ల కిందట నేనూ ఈ మెట్లెక్కాను. కాదని తెలిశాక ఈ దేశాన్ని చూసే చూపు మారింది. అమ్మకు ఆ రోజు చెప్పిందే మీకూ చెబుతున్నాను.

గోడలు లేపింది ఫ్రెంచి ఫాదర్లే. కానీ విశ్వాసం ఈ నేలకు వాళ్లకంటే చాలా ముందే వచ్చింది, అదీ ఏ ఫాదరూ తేకుండా, పుస్తకాల్లో. చోసోన్ అని పిలిచే నాటి కొరియా రాజులు ఏటా బీజింగుకు దూతల్ని పంపేవారు. తిరుగు ప్రయాణంలో వాళ్ల పెట్టెల్లో లెక్కలు, ఖగోళం, పటాల పుస్తకాలతో పాటు జెస్విట్ గురువు మత్తెయో రిచ్చి చీనా భాషలో రాసిన క్రైస్తవ బోధ పుస్తకం కూడా ఉండేది. కన్ఫ్యూషియస్ చదువులో తలపండిన కొందరు యువ పండితులు వాటిని చదివి, వాదించుకుని, తమంత తామే ప్రార్థన మొదలుపెట్టారు. వాళ్లలో యీ బ్యోక్ అనే అతను తన స్నేహితుడు యీ సుంగ్‌హూన్‌ని, బీజింగ్ వెళ్తున్నావు కదా, అక్కడి గురువుల్ని కలిసి జ్ఞానస్నానం తీసుకుని రా అని పంపాడు. 1784లో అతను పేతురు అనే పేరుతో తిరిగొచ్చాడు. మా తాతల మాటలో రాయప్ప. వచ్చి మిగతావాళ్లకు తనే జ్ఞానస్నానం ఇచ్చాడు.

వాళ్ల ఉత్సాహం ఎంతంటే, గురువులు లేకపోతే ఏం అని తమలోనే కొందరిని గురువులుగా పెట్టుకుని పూజలు కూడా చేశారు. తర్వాత ఎవరికో అనుమానం వచ్చి బీజింగుకు ఉత్తరం రాశారు. అలా చెల్లదని జవాబు రాగానే ఆపేశారు. 1794 ఆఖర్లో మొదటి గురువు, చీనావాడైన ఝౌ వెన్మో, దొంగచాటుగా సరిహద్దు దాటి వచ్చేసరికి ఇక్కడ దాదాపు నాలుగు వేల మంది కతోలికులు ఆయన కోసం ఎదురుచూస్తున్నారు. ఆయన్ని ఏళ్ల తరబడి తన ఇంట్లో దాచినావిడ కాంగ్ వాన్‌సుక్. 1801లో ఆవిడ తల తీశారు. గురువునూ చంపారు.

గుడి ఉన్న చోటుకూ ఈ కథకూ సంబంధం ఉంది. ఆ మొదటి బృందం కూడింది కిమ్ బోమ్‌వూ అనే దుబాసీ ఇంట్లో, ఈ మ్యోంగ్‌డాంగ్ చుట్టుపక్కలే. 1785లో భటులు వచ్చి పడ్డారు. పట్టుబడ్డవాళ్లలో యాంగ్‌బాన్‌లు, అంటే పెద్ద కులంవాళ్లు, మందలింపుతో బయటపడ్డారు. కిమ్ బోమ్‌వూ ఆ కులంవాడు కాదు. అతన్ని చిత్రహింసలు పెట్టి దేశంలో ఓ మూలకు తరిమేశారు. ఆ దెబ్బలతోనే పోయాడు.

ఇక్కడికి వచ్చేసరికి అమ్మ, "అక్కడా ఇంతేనా" అంది మెల్లగా. ఇంతే. చోసోన్‌లో మెట్లు మెట్లుగా మనుషులు. అట్టడుగున పెక్‌జోంగ్‌లు, పశువుల్ని కోసేవాళ్లు. ఊరి బయట ఇళ్లు, వేరే బట్ట, పసిపిల్లాడు కూడా వాళ్లను నువ్వు అనే పిలవొచ్చు. వాళ్లలో ఒకడు హ్వాంగ్ ఇల్‌గ్వాంగ్. విశ్వాసుల ఇళ్లకు వచ్చినప్పుడు యాంగ్‌బాన్‌లు అతన్ని లోపలికి పిలిచి, తమ చాప మీద తమ పక్కన కూర్చోబెట్టుకున్నారు. తనకు మోక్షాలు రెండున్నాయని అతను అంటుండేవాడట. ఒకటి చచ్చాక వచ్చేది, ఇంకొకటి తనను మనిషిగా చూస్తున్న ఈ గది. 1802లో అతన్నీ చంపారు.

ఈ సంగతి మొదటిసారి చదివిన రోజు నేను ఆఫీసు పని పక్కన పెట్టి చాలాసేపు ఊరికే కూర్చున్నాను. మా ఊరి గుడిలో ముందు వరసలు ఎవరివో, వెనక వరసలు ఎవరివో పుట్టినప్పట్నుంచీ తెలుసు నాకు. మా నాయనమ్మ ఎప్పుడూ గుమ్మం పక్కన గోడకు ఆనుకునే కూర్చుంది. సమాధుల దొడ్డి మధ్య గోడ కూడా ఉండేది. జ్ఞానస్నానం ఒకటే, సత్ప్రసాదం ఒకటే, గోడకు మాత్రం రెండు వైపులు. రెండు వందల ఏళ్ల కింద, ప్రాణం పోతుందని తెలిసి కూడా ఒక కసాయి మనిషిని చాప మీద కూర్చోబెట్టుకున్నవాళ్లను నేను ఎంత గౌరవిస్తానో మాటల్లో చెప్పలేను.

వాళ్లను ఎందుకు చంపారని మీరు అడగొచ్చు. పెద్ద కారణం పితృకార్యం. తల్లిదండ్రులు పోతే వాళ్ల పేరు చెక్క పలక మీద రాసి పెట్టి మొక్కడం అప్పట్లో ఇక్కడ ధర్మం, రాజ్యానికి పునాది. అది కూడదని బీజింగ్ బిషప్ నుంచి ఆజ్ఞ వచ్చింది. 1791లో యున్ జీచుంగ్ తల్లి చనిపోతే అతను పలక పెట్టలేదు, ఉన్న పలకల్ని కాల్చేశాడు. అతన్నీ, తోడున్న బంధువునీ జోంజులో నరికారు. 1939లో రోము ఆ నిషేధాన్ని ఎత్తేసింది. ఇప్పుడు చూసొక్ పండుగనాడు గుళ్లలోనే పూర్వీకుల కోసం పూజ చేస్తారు. యున్ జీచుంగ్ తలపుకొస్తే నాకు గుండె బరువెక్కుతుంది. అతను తల్లిని ప్రేమించనివాడు కాదు.

1801, 1839, 1846, 1866. హింస అలలు అలలుగా వచ్చింది. 1866తో మొదలైన చివరి అలలోనే దాదాపు ఎనిమిది వేల మంది పోయారంటారు. మిగిలినవాళ్లు కొండల్లోకి పారిపోయి కుండలు చేసి బతికారు. ఊరూరా తిరిగి అమ్మే కుండలవాణ్ణి ఎవరూ అనుమానించరు, కబుర్లు చేరవేయడానికీ వీలు. గుడి పీఠం కింద నేలమాళిగలో 1839లో తల పోగొట్టుకున్న ఫ్రెంచి బిషప్ ఇంబేర్ వంటివారి అస్థికలున్నాయి. అమ్మ అక్కడ మోకాళ్ల మీద కూర్చుని లేవనంది.

1886లో ఫ్రాన్సుతో సంధి కుదిరాక గుడి కట్టడానికి వీలొచ్చింది. కొన్న స్థలం పేరు జోంగ్‌హ్యోన్, అంటే గంట మిట్ట. రాజు కోజోంగ్ ఒప్పుకోలేదు. పాత రాజుల చిత్రపటాలుంచే మందిరం దగ్గరే ఉంది, పైగా ఆ ఎత్తు నుంచి రాజనగరులోకి చూడొచ్చు. ప్రజల ఇల్లు రాజు ఇంటికంటే ఎత్తులో ఉండడమా? పని కొన్నాళ్లు ఆగింది. 1892లో శంకుస్థాపన అయింది. గీతలు గీసి పని చేయించినాయన ఫాదర్ కోస్త్. ఇటుకలు ఇక్కడే కాల్పించారు, ఇరవై రకాల ఆకారాల్లో. తోరణానికొకటి, స్తంభం అంచుకొకటి, కిటికీ మూలకొకటి. రాతిలో చెక్కాల్సిన వంపుల్ని ఇటుకతో తెచ్చారు. దగ్గరికెళ్లి చూడండి, రెండు రంగులు ఎక్కడ ఎందుకు మారాయో తెలుస్తుంది. 1894లో చీనా జపాన్ యుద్ధం వచ్చి చీనా మేస్త్రీలు వెళ్లిపోయారు. 1896లో కోస్త్ చనిపోయారు. ఫాదర్ పువానెల్ పూర్తి చేయించారు. 1898 మే 29న గుడి తెరిచారు.

గుడి పెద్దలు ఎప్పుడూ జనం పక్షానే నిలిచారని చెబితే అబద్ధమవుతుంది. 1909లో హార్బిన్ స్టేషనులో జపాను నాయకుడు ఇతో హిరోబుమిని కాల్చిన ఆన్ జుంగ్‌గన్ కతోలికుడే, పేరు తోమాసు. ఉరికి ముందు పాపసంకీర్తనం చేసుకోవాలి, గురువును పంపండి అని అడిగితే, ఈ గుడిలో కూర్చున్న బిషప్ ముతెల్ కాదన్నారు. ఫాదర్ విల్హెల్మ్ మాట వినకుండా వెళ్లి కలిశారు, శిక్ష కూడా అనుభవించారు. పరాయి పాలకుల కోపానికి భయపడి చావబోయే బిడ్డకు తలుపు మూయడాన్ని నేను క్షమించలేను. 1993లో కార్డినల్ కిమ్ సూహ్వాన్ ఆన్ కోసం పూజ చేసి, ఆ తప్పును పెద్దమనిషిగా ఒప్పుకున్నారు.

ఈ కిమ్ సూహ్వాన్ గురించి ప్రతి తెలుగువాడికీ చెప్పాలనిపిస్తుంది. తాత హింసల కాలంలో ప్రాణం పోగొట్టుకున్నవాడు. తండ్రి కుండలమ్మినవాడు. 1969లో కొరియాకు మొదటి కార్డినల్ అయ్యాక కూడా ఆయన తనకు పెట్టుకున్న కలంపేరు ఓంగీ, అంటే మట్టికుండ.

దేశం ఇంకా సైనిక పాలకుల కింద ఉన్న 1987 జనవరిలో పాక్ జోంగ్‌చుల్ అనే విద్యార్థి పోలీసుల చేతిలో చనిపోయాడు. బల్ల మీద దబ్బున కొడితే ఆ చప్పుడుకే కుప్పకూలాడని వాళ్లు ప్రకటించారు. నీళ్లలో ముంచి చంపారు. మే 18న ఇదే గుడిలో, క్వాంగ్‌జు ఊళ్లో సైన్యం చంపినవాళ్ల కోసం చేసిన పూజ తర్వాత ఫాదర్ కిమ్ సుంగ్‌హూన్ ఒక కాగితం తీసి చదివారు. అసలు దోషుల్ని దాచిపెట్టారన్న నిజం ఆ కాగితంలో ఉంది. దేశం భగ్గుమంది. జూన్ 10న గుళ్లలో గంటలు మోగాయి, వీధుల్లో కార్ల హారన్లు మోగాయి. లాఠీలు, బాష్పవాయువు తరుముతుంటే కొన్ని వందల మంది పిల్లలు ఈ మిట్ట ఎక్కి లోపలికొచ్చారు. ఆరు రోజులు.

చుట్టూ పోలీసులు. పక్కనే క్యేసోంగ్ ఆడపిల్లల బడి. ఆ పిల్లలు తమ మధ్యాహ్నం క్యారేజీలు కంచె మీదుగా అందించారు. కింద బ్యాంకుల్లో, కంపెనీల్లో పనిచేసే టై కట్టుకున్న ఉద్యోగులు భోజనవేళల్లో బయటికొచ్చి నినాదాలిచ్చారు. లోపలికి బలగాల్ని పంపుతామని కబురొచ్చినప్పుడు కార్డినల్ చెప్పిన జవాబు ఇప్పటికీ ఇక్కడ ఇంటింటా చెప్పుకుంటారు. ముందు నేనుంటాను, నా వెనక ఫాదర్లు, వాళ్ల వెనక సిస్టర్లు, అందరినీ తొక్కుకుంటూ పోతే అప్పుడు కనిపిస్తారు ఆ పిల్లలు అన్నారు. బలగాలు రాలేదు. జూన్ 29న ప్రభుత్వం దిగొచ్చింది. ఆ డిసెంబరులో జనం నేరుగా అధ్యక్షుణ్ణి ఎన్నుకున్నారు.

కార్డినల్ 2009 ఫిబ్రవరిలో కన్నుమూశారు. కళ్లు దానం చేసేశారు. గడ్డకట్టే చలిలో ఈ మిట్ట చుట్టూ వరసకట్టి చివరిసారి చూసుకున్నవాళ్లు దాదాపు నాలుగు లక్షల మంది.

నాకు దగ్గరైన ఇంకో సంగతి కూడా ఇక్కడిదే. 2003 నవంబరులో, దేశం నుంచి గెంటేస్తామంటే నేపాలీలు, బంగ్లాదేశీలు, ఇంకా ఎందరో పరాయిదేశపు కూలీలు ఈ ఆవరణలో గుడారం వేసుకుని ఏడాదికి పైగా కూర్చున్నారు. ఈ ఊళ్లో నాకూ పని దొరికి, నా చర్మం రంగు చూసి ఇల్లు అద్దెకివ్వనన్న రోజులున్నాయి. వాళ్లు కూర్చున్న చోటు మీదుగా నడిచినప్పుడల్లా కాస్త నెమ్మదిస్తాను. ఇప్పుడు ఆ కిందే 1898 అని పేరుపెట్టి పుస్తకాల కొట్టు, రొట్టెల కొట్టు నడుపుతున్నారు.

పూజలో అమ్మకు భాష రాకపోయినా ఎక్కడ నిలబడాలో, ఎక్కడ మోకరించాలో ఒక్కచోట కూడా తడబడలేదు. చుట్టూ ఆడవాళ్లు తెల్లటి మిసాబో తలకు కప్పుకున్నారు. అమ్మ కొంగు కప్పుకుంది. పక్కనున్న ముసలావిడ జరిగి చోటిచ్చి, అమ్మ చేయి తీసుకుని చాలాసేపు వదల్లేదు. ముందు నుంచి మూడో వరస అది.

అయిపోయాక గుడి వెనక లూర్దుమాత గుహ దగ్గరికెళ్లాం. గుణదల మాతే కదా ఈవిడ అని అమ్మ ముఖం విప్పారింది. కొబ్బరికాయ కొట్టే వీల్లేదని కొంచెం బాధపడి, రెండు కొవ్వొత్తులు వెలిగించింది. తర్వాత నా వైపు తిరిగి, "ఆ పశువుల్ని కోసే మనిషి పేరేమన్నావు?" అంది. హ్వాంగ్ ఇల్‌గ్వాంగ్ అన్నాను. మళ్లీ చెప్పమంది. మూడోసారికి పట్టుకుంది.

జపమాల చివర మా ఇంట్లో పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పుకోవడం అమ్మకు అలవాటు. నాయనమ్మ పేరు, మా నాన్న పేరు, చిన్నప్పుడే పోయిన మా తమ్ముడి పేరు. ఆ రోజు తమ్ముడి పేరు తర్వాత, గుంటూరు యాసలో, ఇల్‌గ్వాంగయ్య అని వినిపించింది.