పాత కంప్యూటర్‌లో బ్రౌజర్ మొరాయిస్తే: తీసేసే ముందు చూడాల్సినవి

కల్హేర్ లాంటి మండల కేంద్రాల్లో పదేళ్లు దాటిన కంప్యూటర్లు ఇంకా పనిలోనే ఉంటాయి. దీనికి కారణం పిసినారితనం ఒక్కటే కాదు. ఉర్దూ షాదీ రుఖాలు కొట్టే పాత ఇన్‌పేజ్, తెలుగు కరపత్రాలకు వాడే అను ఫాంట్లు ఆ పాత విండోస్‌లోనే సాఫీగా నడుస్తాయి. ప్రింటరు డ్రైవరు కూడా దానికే ఉంటుంది. చిక్కంతా నెట్ దగ్గరే. ఈపాస్ స్కాలర్‌షిప్, మైనారిటీ గురుకులంలో అడ్మిషన్, హజ్ దరఖాస్తు... ఏదో ఒక ఫారం సగంలో ఆగిపోతుంది, ఫొటో అప్‌లోడ్ కాదు, లేదా పేజీ తెల్లగా ఉండిపోతుంది. గడువు చూస్తే రేపే. "బ్రౌజర్ ఖరాబైంది, తీసేసి మళ్లీ వేద్దాం" అనేస్తారు. కానీ ఆ పని చివర్లో చేయాలి.

మొదట చూడాల్సింది స్క్రీన్ కింద కుడివైపు ఉన్న తేదీ. నవ్వులాటగా అనిపించొచ్చు గానీ, పాత కంప్యూటర్‌లో "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అనే హెచ్చరిక రావడానికి తరచూ కారణం ఇదే. ప్రతి సురక్షిత సైట్‌కూ ఒక సర్టిఫికెట్ ఉంటుంది, దానికి మొదలు తేదీ, ముగింపు తేదీ ఉంటాయి. కంప్యూటర్ గడియారం 2009లో ఆగి ఉంటే ఈనాటి సర్టిఫికెట్ దానికి ఇంకా పుట్టనే లేదు. తేదీ సరిచేయగానే సైట్ తెరుచుకుంటుంది. కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టే. చాలా డెస్క్‌టాప్‌లలో అది సీఆర్ 2032 రకం, గడియారాల దుకాణంలో కూడా దొరుకుతుంది.

రెండోది, విండోస్ ఏదో తెలుసుకోవడం. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి, వచ్చే చిన్న పెట్టెలో ఇంగ్లిష్‌లో విన్‌వర్ అని కొడితే పేరు కనిపిస్తుంది. మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం దండగా కాదా అన్నది ఇక్కడే తేలుతుంది.

విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది. క్రోమ్ 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110వ వెర్షన్ నుంచి విండోస్ 7, 8, 8.1లను వదిలేసింది. వాటి మీద క్రోమ్ 109 దగ్గరే ఆగిపోతుంది, ఎడ్జ్ కూడా అంతే. తీసేసి ఎన్నిసార్లు వేసినా పైకి పోదు. పైగా అంతో ఇంతో నడుస్తున్నదాన్ని, అందులో దాచుకున్న పాస్‌వర్డ్‌లతో సహా పోగొట్టుకోవాల్సి రావచ్చు. విండోస్ 7 ఉన్నవాళ్లకు మిగిలిన దారి ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్ఆర్. ఈ మూడు పాత విండోస్‌ల కోసం దాని భద్రతా అప్‌డేట్ల గడువును మొజిల్లా ఒకటికి రెండుసార్లు పొడిగించింది. తాజా గడువు మొజిల్లా సైట్‌లోనే చూసుకోవాలి. 115 పేరుతో పెన్‌డ్రైవ్‌లో ఎప్పుడో దాచిన పాత ఫైలు వేయొద్దు. 115.13 కన్నా పాతవాటిలో ఒక మూల సర్టిఫికెట్ 2025 మార్చి 14తో ముగిసింది, యాడ్-ఆన్‌లు పనిచేయకపోవచ్చు.

ఎక్స్‌పీ సంగతి వేరు. క్రోమ్ 49, ఫైర్‌ఫాక్స్ 52 ఈఎస్ఆర్ దగ్గరే దాని కథ ముగిసింది. దాన్ని ఇన్‌పేజ్‌కే ఉంచి నెట్ తీగ పీకేయడం మేలు. ఇక ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11ను మైక్రోసాఫ్టే 2022 జూన్ 15న పక్కన పెట్టేసింది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసినా, దాని మీద క్రోమ్ కొత్త వెర్షన్లు ఆ తర్వాత కూడా ఎక్కుతున్నాయి. అక్కడ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే ఫలితం ఉంటుంది.

విండోస్ సరిపోయినా బ్రౌజర్ మొరాయిస్తుంటే కంట్రోల్, షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కి ఇన్‌కాగ్నిటో కిటికీలో అదే సైట్ తెరవాలి. ఫైర్‌ఫాక్స్‌లో ఎన్ బదులు పి. అక్కడ సాఫీగా నడిస్తే బ్రౌజర్ బాగానే ఉంది. తప్పు పాత కుకీలదో, ఎప్పుడో పిల్లలు వేసిన ఎక్స్‌టెన్షన్‌దో అయి ఉంటుంది. క్రోమ్ సెట్టింగ్స్‌లో రీసెట్ ఉంది. అది ఎక్స్‌టెన్షన్లను ఆపి కుకీలను తుడిచేస్తుంది, బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌ల జోలికి పోదు. ఫైర్‌ఫాక్స్‌లో దీన్నే రిఫ్రెష్ అంటారు, అది పాత డేటాను డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్‌లో దాచి మరీ పోతుంది. చాలామంది వెతుకుతున్న రిపేరు నిజానికి ఇదే.

ఒక సైట్ బాగా పాత క్రోమ్ వెర్షన్‌లో సర్టిఫికెట్ తప్పు చూపించి, ఫైర్‌ఫాక్స్‌లో తెరుచుకుంటే విండోస్‌లోని సర్టిఫికెట్ల జాబితాను అనుమానించాలి. అప్‌డేట్లు లేని కంప్యూటర్లకు 2021 సెప్టెంబర్ 30 తర్వాత ఈ బాధ ఎక్కువైంది, ఎందుకంటే ఎన్నో సైట్లు ఆధారపడ్డ ఒక మూల సర్టిఫికెట్ ఆ రోజు ముగిసింది. ఫైర్‌ఫాక్స్ తన జాబితాను తనే మోసుకొస్తుంది.

ఉర్దూ పేజీలు నస్తాలీఖ్‌లో కాకుండా అరబీ అచ్చులా కనబడితే అది బ్రౌజర్ జబ్బు కాదు. విండోస్ 7లో నస్తాలీఖ్ ఫాంట్ లేదు, విండోస్ 8తోనే వచ్చింది. జమీల్ నూరీ నస్తాలీఖ్ గానీ నోటో నస్తాలీఖ్ ఉర్దూ గానీ వేసుకుని, ఫైర్‌ఫాక్స్ ఫాంట్ల సెట్టింగ్స్‌లో అరబిక్ లిపికి దాన్ని ఎంచుకుంటే చాలావరకు కుదురుతుంది. ఎక్స్‌పీలో డబ్బాలు కనబడితే కంట్రోల్ ప్యానెల్ భాషల విభాగంలో కుడి నుంచి ఎడమకు రాసే లిపుల మద్దతు వేయాలి, దానికి విండోస్ సీడీ అడగొచ్చు.

ఇవన్నీ అయ్యాకే తీసేయడం. ముందు బుక్‌మార్కులను ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసుకోవాలి. పాస్‌వర్డ్‌లనూ చేసుకోవచ్చు గానీ ఆ ఫైలులో అవి ఎవరైనా చదివేలా ఉంటాయి, పని కాగానే రీసైకిల్ బిన్‌లోంచి కూడా తీసేయాలి. తీసేసేటప్పుడు "బ్రౌజింగ్ డేటా కూడా తొలగించు" అనే గడిలో టిక్ పెట్టకూడదు. కొత్తది గూగుల్ లేదా మొజిల్లా సొంత సైట్ నుంచే దించాలి. వెతుకులాటలో పైన వచ్చే ప్రకటనలు, "మీ బ్రౌజర్ పాతబడింది, ఇక్కడ నొక్కండి" అంటూ దూకే పేజీలు వైరస్‌కు తలుపులు. ఫోన్ హాట్‌స్పాట్ తెగిపోతుంటే వేరేచోట పూర్తి ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ దించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవాలి. విండోస్ 32 బిట్ అయితే 32 బిట్ ఫైలే ఎక్కుతుంది.

వేసిన తర్వాత కూడా నత్తనడకే అయితే ర్యామ్ చూడాలి. 2 జీబీ మీద ఇప్పటి సైట్లు నాలుగైదు ట్యాబులకే ఊపిరి బిగబడతాయి. ఇంకో 2 జీబీ, పాత హార్డ్‌డిస్క్ స్థానంలో చిన్న ఎస్ఎస్‌డీ వేస్తే తేడా వెంటనే తెలుస్తుంది. లైనక్స్ మింట్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసి, నచ్చితేనే వేసుకోవచ్చు, బ్రౌజర్ కొత్తదే వస్తుంది. అయితే ఇన్‌పేజ్ దాని మీద నేరుగా నడవదు, వేలిముద్ర యంత్రం, స్కానరు పనిచేస్తాయో లేదో ముందే పరీక్షించుకోవాలి. అందాకా అప్‌డేట్లు ఆగిన బ్రౌజర్‌లో బ్యాంకు లాగిన్, ఆధార్ ఓటీపీ కొట్టొద్దు. గడువు రేపే ఉంటే ఆ ఫారం వరకు ఫోన్‌లోని తాజా క్రోమ్‌లో "డెస్క్‌టాప్ సైట్" ఎంచుకుని నింపేయాలి, కంప్యూటర్‌ను తీరిగ్గా బాగుచేసుకోవచ్చు.