నాయుడు, సి.ఎస్. (కొఠారి సుబ్బన్న నాయుడు)

లెగ్ స్పిన్ బౌలర్ (1914–2002). భారత జట్టు తొలి టెస్టు కెప్టెన్ సి.కె. నాయుడుకు తమ్ముడు, వయసులో పద్దెనిమిదేళ్లకు పైగా చిన్న. 1914 ఏప్రిల్ 18న నాగపూర్‌లో పుట్టారు. ఇంటిపేరును తెలుగులో కొఠారి అనీ, కొట్టారి అనీ రెండు విధాలా రాస్తున్నారు. ఇంగ్లీషులో ‘సి’ అక్షరంతో మొదలుపెట్టి రాసుకోవడం వల్లే అన్నదమ్ములిద్దరి పేర్లకూ ముందు ‘సి’ వచ్చింది. కుటుంబ మూలం మచిలీపట్నం (బందరు) అని జీవిత చరిత్రల్లో సాధారణంగా కనిపించే మాట. పూర్వీకులు నిజాం కొలువులో ద్విభాషీలుగా పనిచేశారన్నది ఎక్కువగా కుటుంబ సంప్రదాయంగా వస్తున్న కథనం. 1611 నుంచి ఈస్టిండియా కంపెనీ కోఠీ ఉన్న బందరులో ఆ వృత్తికి కొదవ లేదు కనుక దాన్ని తోసిపుచ్చనక్కరలేదు. బందరు వదిలినది ఏ తరంలో అన్నదాన్ని మాత్రం ఇక్కడ తేల్చి చెప్పడం లేదు.

ఈయన పేరు పక్కన తరచూ వేసే అంకెలు రెండు: 11 టెస్టులు, 2 వికెట్లు. సగటు 179.50. ఈ అంకెలతోనే కథ ముగించి, అన్న నీడలో జట్టులోకి వచ్చిన సాధారణ ఆటగాడిగా తేల్చేయడం పరిపాటి. అంకెలు తప్పు కావు గానీ, అవి కొలిచినది చాలా చిన్న ముక్క. పదకొండు టెస్టుల్లో ఈయన వేసినవి మొత్తం 522 బంతులు, అంటే ఆరు బంతుల లెక్కన 87 ఓవర్లు. టెస్టుకు ఎనిమిది ఓవర్లు కూడా పడలేదు. 1945 మార్చిలో బొంబాయి బ్రాబోర్న్ స్టేడియంలో జరిగిన రంజీ ఫైనల్‌లో హోల్కర్ జట్టు తరఫున ఒక్క రెండో ఇన్నింగ్స్‌లోనే 88 ఓవర్లు వేశారు. టెస్టు జీవితమంతటికన్నా ఆ ఇన్నింగ్స్ ఒక ఓవరు ఎక్కువ. కాబట్టి ఈయన జీవితాన్ని దేశవాళీ క్రికెటర్ జీవితంగా చదవాలే తప్ప, విఫలమైన టెస్టు ఆటగాడి కథగా కాదు.  మన దగ్గర రంజీ లెక్కను టెస్టు లెక్కకు కింద గీతలా చూడటం అలవాటైంది.

ఆ ఫైనల్‌ను దగ్గరగా చూడాలి. మొదటి ఇన్నింగ్స్‌లో బొంబాయి 462 చేసింది, సి.ఎస్. 64.5 ఓవర్లలో 153 పరుగులిచ్చి 6 వికెట్లు తీశారు. హోల్కర్ 360కి ముగిసింది. రెండోసారి బొంబాయి 764 దాకా వెళ్లింది. విజయ్ మర్చంట్ 278 కొట్టారు. సి.ఎస్. 275 పరుగులకు 5 వికెట్లు. డెనిస్ కాంప్టన్ 249తో నాటౌట్‌గా నిలిచినా హోల్కర్ 492కి ఆలౌటై 374 పరుగుల తేడాతో ఓడింది. మ్యాచ్ మొత్తం మీద సి.ఎస్. వేసినవి 917 బంతులు, ఇచ్చినవి 428 పరుగులు. ఒక ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లో ఒక బౌలర్‌కు ఈ రెండూ అత్యధికమే. చాలామంది రెండో అంకెనే ముందు చెబుతారు. కానీ ఓవరుకు లెక్క కడితే వచ్చేది 2.80 మాత్రమే. మణికట్టు తిప్పి, ఉంగరపు వేలితో బంతిని తిప్పే లెగ్ స్పిన్నర్‌కు 152 ఓవర్లలో అదుపు తప్పకపోవడం చిన్న విషయం కాదు.

దీనికి అభ్యంతరాలున్నాయి. టెస్టుల్లో 87 ఓవర్లలో 359 పరుగులు, ఓవరుకు నాలుగుకు పైనే. కెప్టెన్లు బంతి ఇవ్వకపోవడానికి కారణం ఉందని వాదించవచ్చు. ఆ మాటలో నిజం ఉంది. 1946 తర్వాత వినూ మన్కడ్ ఉండగా రెండో స్పిన్నర్‌గా నిలదొక్కుకోవడం కష్టమే. అయితే 1936 ఆగస్టు నుంచి 1946 జూన్ దాకా భారత్ ఒక్క టెస్టూ ఆడలేదు. ఈయనకు ఇరవై రెండు నుంచి ముప్పై రెండేళ్ల వయసు అది. యుద్ధకాలపు రంజీ బలహీనమైనదనీ, అన్న కెప్టెన్సీ కలిసొచ్చిందనీ అనే మాట మరొకటి. హోల్కర్‌కు సి.కె. నాయకుడన్నది నిజమే. కానీ ఒక రంజీ సీజన్‌లో 40 వికెట్లు తీసిన మొదటి బౌలర్‌గా సి.ఎస్. నిలిచినది 1942-43లో, బరోడా తరఫున. ఆ ఏడు ట్రోఫీ బరోడాదే. ఇక ప్రత్యర్థుల బలం సంగతికొస్తే, 1946 ఇంగ్లండ్ పర్యటనలో సర్రేపై ఓవల్‌లో హ్యాట్రిక్ తీశారు. అదే మ్యాచ్‌లో భారత ఆటగాళ్లు సర్వాటే, బెనర్జీ ఆఖరి వికెట్‌కు 249 పరుగులు జోడించడంతో ఆ హ్యాట్రిక్ మరుగున పడింది.

సుమారు మూడు దశాబ్దాల ఫస్ట్‌క్లాస్ జీవితంలో 174 మ్యాచ్‌లు, 647 వికెట్లు, 26.54 సగటు. పరుగులు 5,700 పైచిలుకు. 1934 జనవరిలో కలకత్తాలో అన్న నాయకత్వంలోనే మొదటి టెస్టు, 1952లో చివరిది. రంజీలో సెంట్రల్ ఇండియా, బరోడా, హోల్కర్, బెంగాల్, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్ జట్లకు ఆడారు. ఆంధ్రకూ ఆడారు. 1953-54లో ఆంధ్ర తొలిసారి రంజీ బరిలో దిగినప్పుడు దాని కెప్టెన్ అప్పటికి యాభై ఎనిమిదేళ్ల సి.కె. నాయుడు. కుటుంబం ఎప్పుడో వదిలి వెళ్లిన తీరానికి అన్నదమ్ముల రాక అలా జట్టు పేరు రూపంలో జరిగింది. సి.ఎస్. 2002 నవంబరు 22న ఇండోర్‌లో మరణించారు.