డయోజెనీసు, వేమన: నోటిమాటలో నిలిచిన తత్వము

కదిరికి సమీపమున కటారుపల్లెలో వేమన సమాధి కలదు. ఆ ప్రాంతపు ఉపాధ్యాయులు పలువురు దానిని చూచియే యుందురు. తరగతిలో వేమన పద్యము చెప్పునపుడు తెలివిగల విద్యార్థి యొకడు, ఈ పద్యములన్నియు ఆయనవే యని ఎట్లు తెలియును? అని అడిగినచో ఏమి చెప్పవలెను? ఇట్టి చిక్కే గ్రీకు తత్వచరిత్రలోను ఉన్నది.

క్రీ.పూ. 4వ శతాబ్దమున డయోజెనీసు అను తాత్వికుడుండెను. నల్లసముద్రతీరమున గల సినోపె ఆయన ఊరు. ఏథెన్సులో ఒక పెద్ద మట్టితొట్టియే ఆయనకు ఇల్లు. ఒక బాలుడు దోసిలితో నీరు త్రాగుట చూచి తన గిన్నెను పారవైచెనట! జనులు ఆయనను కుక్క అని తిట్టగా ఆ పేరునే స్వీకరించెను. ఆయన సంప్రదాయమువారికి సినిక్కులను పేరు ఆ మాటనుండియే వచ్చినది. నీ ఊరేది అని అడిగినవారికి తాను ప్రపంచపౌరుడనని జవాబు చెప్పెనందురు.

ఈ చివరి మాట చాల దూరము పోయినది. సినిక్కుల శిష్యుడైన జీనో క్రీ.పూ. 300 ప్రాంతమున స్టోయిక్కు మతమును స్థాపించెను. మానవులందరు ఒకే నగరపు పౌరులన్న భావము వారి ద్వారా రోమనులకు చేరినది. 1795లో జర్మను తాత్వికుడు కాంటు, శాశ్వతశాంతిని గూర్చి వ్రాసిన గ్రంథములో, ప్రపంచపౌరుల హక్కును చర్చించెను.

అయితే డయోజెనీసు వ్రాసిన గ్రంథమేదియు నేడు లేదు. ఆయన మాటలను మనకు అందించినవారిలో ముఖ్యుడు డయోజెనీసు లయెర్షియసు. ఇతడు సుమారు 500 సంవత్సరముల తరువాతివాడు! ఒక ధనికుడు తన భవనములో ఉమ్మివేయరాదని హెచ్చరించగా, డయోజెనీసు అతని ముఖముననే ఉమ్మి, ఇంతకంటె మురికిచోటు కనబడలేదనెనట. ఈ కథను చెప్పి, కొందరు దీనిని అరిస్టిప్పసు అను మరియొక తాత్వికునికి అంటగట్టుదురని లయెర్షియసే వ్రాసెను. చమత్కారమైన మాట ఏది దొరకినను ప్రసిద్ధుని పేరున చెప్పుట లోకరీతి.

వేమన విషయమున ఇది మరింత సులభము. ఆటవెలదికి నాలుగు పాదములు. నాలుగవ పాదము మకుటము. కనుక మూడు పాదములు కూర్పగలవాడెవడైనను వేమన పద్యమును తయారుచేయవచ్చును. సి. పి. బ్రౌను 1829లో అచ్చువేసిన సంపుటిలో 693 పద్యములుండగా 1839 నాటి కూర్పులో 1,164 అయినవి. తాళపత్రములు మరికొన్ని దొరకుటవలన సంఖ్య పెరిగినది కాని, వానిలో ఏవి వేమనవో తాళపత్రము చెప్పదు.

ఒక పరీక్ష మాత్రము విద్యార్థులు కూడ చేయవచ్చును. పద్యములోని వస్తువులను గమనింపవలెను. పొగాకు అమెరికానుండి వచ్చినది. దాని పేరున్న పద్యము 1492కు ముందుది కాజాలదు. మిరపకాయయు అంతే. మిరియము మాత్రము మన దేశపుదే కనుక దానివలన కాలము తేలదు.