పెన్షన్ అనే మాట వెనుక ఒక తక్కెడ

నెల తిరిగేసరికి మనమందరం ఎదురుచూసే 'పెన్షన్' అనే మాట ఇంగ్లీషువారి సొంతం కాదు. ఫ్రెంచి ద్వారా వారికి వచ్చింది. దాని మూలం లాటిన్ భాషలోని 'పెండెరె' అనే క్రియ. వేలాడదీయుట, తూచుట, చెల్లించుట - ఈ మూడూ దాని అర్థాలే.

తూచడానికీ చెల్లించడానికీ పొత్తు ఎలా కుదిరింది? తొలినాటి రోమనులకు నాణేలు లేవు. కంచు ముక్కలను తక్కెడలో తూచి ఇచ్చేవారు. వారి తూనిక 'లిబ్రా', నేటి లెక్కలో సుమారు 327 గ్రాములు. ముఖ్యమైన ఆస్తి చేతులు మారేటప్పుడు కనీసం అయిదుగురు పౌరులు సాక్షులుగా నిలవాలి. తక్కెడ పట్టుకోవడానికి వేరొకరు ఉండాలి. అతడిని 'లిబ్రిపెన్స్' అనేవారు. నాణేలు వచ్చాక తూచే అవసరం తీరిపోయినా, కంచు ముక్కతో తక్కెడను తట్టే ఆచారం శతాబ్దాలపాటు నిలిచింది.

సైనికుడి జీతం 'స్టిపెండియం'. అందులోనూ ఈ క్రియే ఉంది. క్రీ.పూ. 406లో ఖజానా నుంచి సైనికులకు జీతం ఏర్పాటు చేశారనీ, వెండి నాణేలు ఇంకా లేనందున కొందరు తమ పన్ను కంచును బండ్లమీద తోలుకొచ్చారనీ చరిత్రకారుడు లివీ రాశాడు. మన విద్యార్థుల స్టైపెండు ఆ మాటే. క్రీ.శ. 6లో అగస్టస్ చక్రవర్తి విశ్రాంత సైనికులకోసం ప్రత్యేక ఖజానా నెలకొల్పాడు. 20 ఏళ్లు కొలువు చేసిన సైనికుడికి 12,000 సెస్టర్సులు ఒకేసారి ముట్టేవి. మన గ్రాట్యుటీ వంటిదన్నమాట. 'పెన్సియో' అంటే మాత్రం వాయిదా చెల్లింపు, అద్దె.

మనం ఫైళ్లలో రాసిన ఎక్స్‌పెండిచర్, కాంపెన్సేషన్ ఈ కుదురువే. వేలాడే అర్థం నుంచి పెండింగ్, సస్పెన్షన్ పుట్టాయి. ఫ్రెంచి, స్పానిష్ భాషల్లో 'ఆలోచించుట'కు వాడే మాటలూ ఇక్కడివే. మన పెద్దలు 'తూచి మాట్లాడు' అనలేదా!

మాట పుట్టుక చట్టం కాదు, నిజమే. కాని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం కూడా పెన్షన్ దయాధర్మం కాదనీ, గతంలో చేసిన సేవకు చెల్లింపు అనీ తేల్చింది. ఆ తేదీనే మనం పెన్షనర్ల దినోత్సవం జరుపుకుంటున్నాం. భిక్షను ఎవరూ తూచి వేయరు. తూచేది బాకీనే. ఒక సిబ్బెలో మన సర్వీసు ఉంది. రెండో సిబ్బెలో పడేది దానికి సరితూగాలని అడగడం యాచన కాదు.