విడిదియు సత్రమును: గుంటూరుసీమ పెండ్లిప్రయాణముల పూర్వచరిత్ర

పెండ్లి నిశ్చయమైన నాటినుండి ఆడపెండ్లివారికి నిద్రపట్టనీయనిది విడిది. ముహూర్తమును పురోహితుడు పెట్టును, వంటవాండ్రు అడిగినచో వత్తురు. కాని తరలివచ్చు మగపెండ్లివారిని, వారి బంధువర్గమును, బండ్లను, ఎద్దులను ఎచట దింపవలెనను చింత మాత్రము పూర్వము ఊరంతటికిని పట్టెడిది. వివాహము ఐదుదినములు జరిగిన కాలమున అది అల్పమైన భారము కాదు. ఆ భారమును మోసినవి పొరుగిండ్లు, గ్రామచావడులు, దేవాలయమండపములు, వీనికి మించి సత్రములు. మన గుంటూరు, ఒంగోలు సీమలలో ఈ సత్రముల వృత్తాంతమును కొంత విన్నవించెదను.

సత్రమనునది మొదట అన్నశాల కాదు, యజ్ఞము. పలువురు కూడి బహుదినములు చేయు ఆ సోమయాగమున ఋత్విజులందఱును యజమానులే. ఇచ్చువాడు వేఱు, పుచ్చుకొనువాడు వేఱు అను భేదము లేదు. అమరసింహుడు ఈ శబ్దమునకు యజ్ఞముతోపాటు సదాదానమనియు అర్థము చెప్పినాడు. ఇంగ్లీషువారి ‘చౌల్ట్రీ’ మన చావడియే. వారి నోట వంకరపోయి వచ్చినందున దానికి మన పట్టణములలో గౌరవము హెచ్చినది గాబోలు!

మన ప్రాంతమున సత్రమును గూర్చి పలుకు శాసనములలో మల్కాపురశాసనము తలమానికము. కృష్ణకు దక్షిణమున మందడము చెంతనున్న ఈ శిలాస్తంభము శా. శ. 1183, అనగా క్రీ. శ. 1261 నాటిది. కాకతి గణపతిదేవుని గురువగు విశ్వేశ్వరశంభువునకు రుద్రమదేవి మందడమును వెలగపూడితో గూడ ధారపోసెను. (2016లో తాత్కాలిక సచివాలయము వెలసిన వెలగపూడి యిదియే.) ఆ గోళకీమఠాచార్యుడు వచ్చిన ఆదాయమును మూటగట్టి దాచలేదు. శివాలయమునకు ఒక పాలు, విద్యార్థులకును మఠమునకును ఒక పాలు, ప్రసూతిశాలకును ఆరోగ్యశాలకును విప్రసత్రమునకును ఒక పాలు ఏర్పఱచెను. వైద్యునకును లెక్కలు వ్రాయువానికిని భూమి నియమించెను. విప్రసత్రము వేఱుగ నున్నమాట నిజమే, దానిని దాచిపెట్టనక్కఱలేదు. కాని అంతతో నిలువక, బ్రాహ్మణుడు మొదలు చండాలునివఱకు వచ్చినవారికెల్ల ఎల్లవేళల అన్నము పెట్టవలెనని అదే శాసనమున వ్రాయించెను. ఏడువందల యేండ్లు దాటిన ఈ నియమము నేటి మన సత్రములలో ఎన్నిటికి కలదో ధర్మకర్తలు ఆలోచింపవలెను.

కుంఫిణీవారి కాలమునకు సత్రములు పెద్దబాటల వెంట నుండెడివి. వాని మాన్యములు అన్యాక్రాంతము కాకుండ చూచుటకు 1817లో చెన్నపురి ప్రభుత్వము చేసిన 7వ రెగ్యులేషనున దేవాలయములు, వంతెనలతోపాటు సత్రములును చేరినవి. 1830 మే నెలలో చెన్నపురి విడిచి 1831 సెప్టెంబరులో మరల ఇల్లు చేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు ప్రతి మజిలీయందును నీరు కలదా, అంగళ్లు కలవా, దిగుటకు వసతి కలదా యని వ్రాసికొనిరి. 1838లో అచ్చయిన వారి ‘కాశీయాత్రచరిత్ర’ కాశికి పోవువారికే కాదు, దూరపు సంబంధము చేసికొన్నవారికిని ఉపకరించి యుండును. వారు ఇల్లుచేరిన మఱుసటియేడే నందన కఱవు వచ్చి గుంటూరుసీమను ఊడ్చిపెట్టినది. పెండ్లిబండ్లు నడచిన బాటలనే ఆకలిగొన్నవారు చెన్నపురివైపు నడచిరి.

పెండ్లిప్రయాణములకు మన నేలయు ఒక నియమము పెట్టినది. నల్లరేగడి వానకు తడిసినచో చక్రము ఇరుసువఱకు దిగును. ఒంగోలు ఎద్దులైనను ఏమిచేయగలవు? ప్రత్తి తీసి, మిరపకాయ కల్లములలో ఎండి, సొమ్ము చేతికివచ్చిన పిమ్మటనే పెండ్లిండ్లు. అప్పటికి బాటయు ఎండి గట్టిపడును. ఎండకు వెఱచి గూడుబండ్లు రాత్రులు సాగి, తెల్లవాఱునప్పటికి బావియు చెట్టునీడయు గల సత్రమును చేరెడివి. సముద్రతీరమువారికి నీటిదారియు నుండెడిది. కృష్ణనుండి వచ్చు కొమ్మమూరు కాలువ పెదగంజాముకడ బకింగుహాము కాలువతో కలిసినందున, పడవలో పడుకొన్నవారు పడుకొన్నట్లే పెండ్లియూరికి సాగిపోయెడివారు. బండిలో నడుములు విఱిగినవారికి అది స్వర్గము.

1899లో బెజవాడ, చెన్నపురి రైలుమార్గము తెఱవబడెను. 1916లో గుంటూరు, తెనాలి శాఖ వచ్చెను. బాటపైనుండు సత్రములు పాడువడగా, స్టేషనుల చెంతను, క్షేత్రములయందును క్రొత్తవి లేచినవి. ఆ కాలముననే కులసత్రములు ప్రబలినవి. కోటప్పకొండయందు ఒక్కొక్క కులమునకు ఒక్కొక్క సత్రము కలదు. శివరాత్రి తిరునాళ్లకు వచ్చినవాడు తన కులపుగుమ్మము వెదకికొనును. వీనివలన మేలు కలుగలేదనను. బీదవాని బిడ్డ పెండ్లికి గంగాళములు, గుండిగలు, గరిటెలు ఇచ్చి ఆదుకొన్నవి ఇవియే. ఆ పాత్రలమీద దాతల పేళ్లు చెక్కియుండెడివి. పేరు చదువుచు వడ్డించుట మా బాల్యమున ఒక వేడుక.

నేడు సత్రము కల్యాణమండపమైనది. ముహూర్తదినములలో భవనమంతయు ఒకే పెండ్లివారి వశమగును. ఆ రాత్రి దూరమునుండి వచ్చిన వృద్ధయాత్రికులు, సంఘమునకు చందా కట్టినవారే యైనను, వీథియరుగుమీద పండుకొనుట నేను చూచినాను. అద్దె రానిదే సున్నము కొట్టించుట యెట్లని కార్యదర్శులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే, దానధర్మములతో మాత్రమే దీపము వెలుగదు. కాని కులము పేరు గోడమీద నుండవచ్చును గాని తలుపుమీద నుండరాదు. ప్రతి సత్రమునందును రెండుగదులును, ఒక వసారాయు ఏ పెండ్లికిని అద్దెకీయక, ఏ కులపు బాటసారికైనను ఒక రాత్రి విడిచిపెట్టవలెనని నిబంధనలలో వ్రాసికొనుడని పోషకులకు నా మనవి. ఆ గదుల ఖర్చును పెండ్లి అద్దెలో పదియవపాలుతో జరపవచ్చును.

మఱియొక చిన్నమాట. శుభలేఖలలో వంశవృక్షమంతయు అచ్చువేయించుచున్నారు గాని, దిగవలసిన స్టేషను, అచటినుండి సత్రమునకు దూరము, రాత్రి రెండుగంటలకు వచ్చినవానికి తలుపు తీయువారి పేరు వేయించుట లేదు. చేతిఫోను త్రోవ చూపునేకాని తలుపు తీయదు. తాతలపేళ్లలో ఒక వరుస తగ్గించినచో ఈ మూడింటికిని చోటు దొరకును.