వైద్యశాల ఉండియు జనులు రారేల?

గ్రామమున వైద్యశాల కట్టుట ఒక సంగతి, జనులు దానియొద్దకు వచ్చుట మరియొక సంగతి. వైద్యపరిచర్యను ప్రేమించు మన సంఘస్థులు ఈ రెండవ సంగతిని గూర్చి కొంత ఆలోచింపవలెనని మేము కోరుచున్నాము.

1946లో భోర్ కమిటీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల ప్రణాళికను ప్రభుత్వము ముందుంచెను. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ఆరంభమైన పిమ్మట అవి పల్లెసీమలకు వచ్చెను. మైదానమున 30,000 మందికి, గిరిజన, కొండ ప్రాంతములలో 20,000 మందికి ఒక కేంద్రమను లెక్క తరువాత ఏర్పడెను. కాని రోగి వేసికొను లెక్క వేరు. పోయివచ్చుటకు ఒక దినపు కూలి పోవును. తీరా పోయినప్పుడు డాక్టరుగారు లేకున్నను, మందు లేకున్నను ఆ మాట ఊరంతయు ప్రాకును. కేంద్రము పెద్దకులముల వీధిలో ఉన్నచో దళితవాడలోని తల్లి గుమ్మమువద్దనే సంకోచించును. అట్టివారిని మూఢులనుట న్యాయము కాదు.

ఈ చిక్కును విప్పిన చోటు మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ రజనీకాంత్ ఆరోలే, డాక్టర్ మేబెల్ ఆరోలే దంపతులు 1970లో ఆ కరవుసీమలో పని మొదలిడిరి. జనులు మొదట కోరినది మందులు కాదు, అన్నమును నీళ్లును. కనుక వారు బిడ్డలకు భోజనము పెట్టించిరి, గొట్టపుబావులు త్రవ్వించిరి. బావులను దళితవాడలలో వేయించుటచేత తక్కిన కులములవారును అచ్చటికే వచ్చి నీళ్లు తోడుకొనవలసివచ్చెను.

బయటినుండి పంపిన నర్సులను పల్లెలు అంతగా చేరదీయలేదు. అప్పుడు ఆ ఊరి స్త్రీలనే ఎన్నుకొని తర్ఫీదు ఇచ్చిరి. వారిలో అనేకులు అక్షరము రానివారు, దళితులు. అయినను గర్భిణులను చూచుట, కాన్పు చేయుట, విరేచనములైన బిడ్డకు ఉప్పు పంచదార కలిపిన నీరు పట్టించుట వారు నేర్చిరి. తమ ఊరి మనిషి చెప్పిన మాట గనుక తల్లులు వినిరి, అవసరమైనప్పుడు ఆసుపత్రికిని వచ్చిరి.

1979లో ఆ దంపతులకు మెగసెసే బహుమానము లభించెను. 2005లో మన దేశమున ఆరంభమైన ఆశా కార్యకర్తల పద్ధతికిని ఊరి స్త్రీయే ఆధారము.

కావున క్రొత్త చికిత్సాలయము తలపెట్టు సంఘములు పునాదిరాయి వేయకముందే ఆ ఊరి కూలి స్త్రీలను పిలిచి, ఏ వేళ తలుపు తెరచిన రాగలరో, ఏ వాడలో ఉన్నచో అందరును నిస్సంకోచముగా రాగలరో అడిగి తెలిసికొనవలెనని మా మనవి.