గని దిగని కుర్రాడి నడుము నొప్పి



మన ఇళ్లలో నడుము నొప్పికి కారణం వెతికినవాళ్లు తక్కువ. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతు దాటింది. అంత వేడిలో వంగి రాయి తొలిచిన నడుము నొయ్యక ఏంచేస్తుందని సరిపెట్టుకున్నాం. మన తాతలు అమృతాంజనం రాసుకుని మళ్లీ షిఫ్టుకు పోయారు. (అన్నట్టు, 1893లో ఆ మందు తెచ్చింది మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారే.)

డాక్టర్లకు తోచే కారణాలు వేరే ఉండేవి. 1940–46 మధ్య మన గనుల్లో 7,653 మంది కార్మికులను పరీక్షిస్తే నూటికి నలభై మందికి పైగా సిలికోసిస్ ఉన్నట్టు తేలింది. రాతిధూళి పట్టిన ఊపిరితిత్తుల్లో క్షయ సులువుగా చేరుతుంది. అక్కణ్ణుంచి వెన్నుపూసకూ పాకుతుంది. ఇక మన కోలారు జిల్లా బోరునీళ్లలోని ఫ్లోరైడ్ సంగతి తెలిసిందే, అదీ వెన్నును బిగబడుతుంది. ఇన్నిటి నడుమ కేన్సరు కాని ఎముక గడ్డ ఒకటి ఉండొచ్చని ఎవరికి తడుతుంది?

అలాంటి గడ్డల్లో ఒకటి ఆస్టియాయిడ్ ఆస్టియోమా. 1935లో న్యూయార్క్ పాథాలజిస్టు హెన్రీ జాఫీ దాన్ని విడి జబ్బుగా గుర్తించి వివరించాడు. శనగగింజంత ఉంటుంది. ఎక్కువగా పదేళ్ల నుంచి పాతికేళ్ల లోపు వాళ్లకు, అందులోనూ మగపిల్లలకు వస్తుంది. నొప్పి రాత్రిపూట ముదురుతుంది, ఆస్పిరిన్ వేస్తే చాలామందికి తగ్గుతుంది, మళ్లీ వస్తుంది. కొందరికి వెన్ను ఒక పక్కకు ఒరుగుతుంది. గని మొహం చూడని కుర్రాడు ఇలా బాధపడితే బడి ఎగ్గొట్టే వేషాలని మనమే తిడతాం.

వెన్నులో ఎముకలు ఒకదానిమీద ఒకటి పడి కనిపిస్తాయి కాబట్టి మామూలు ఎక్స్‌రేలో ఇంత చిన్న గడ్డ తప్పిపోతుంది. 1971లో సీటీ స్కాన్ వచ్చాక దాని చోటు కచ్చితంగా తెలిసింది. అంతకుముందు సర్జన్లు ఎక్కువ ఎముకే చెక్కాల్సి వచ్చేది. గడ్డ నడిమి భాగం మిగిలిపోతే నొప్పి తిరిగొచ్చేది. ఇప్పుడు నరాలకు దూరంగా ఉంటే సూది దించి వేడితో కాల్చేస్తారు, దగ్గరగా ఉంటే ఆపరేషనే మేలంటారు. వెన్నుపూసల్లో కనిపించే హీమాంజియోమాలకైతే చాలావరకు ఏ వైద్యమూ అక్కర్లేదు. రిపోర్టులో ఆ మాట చూసి హడలిపోవద్దు.

దేశంలో మొదటి న్యూరోసర్జరీ విభాగాన్ని 1949లో జేకబ్ చాండీ మొదలుపెట్టింది ఎక్కడో కాదు, వేలూరు సీఎంసీలో. బంగారుపేటలో రైలెక్కితే కాట్పాడిలో దిగడమే.

2001లో గనులు మూతపడ్డాయి. మన పిల్లలు తెల్లారకముందే బెంగళూరు రైల్లో నిలబడి పోతున్నారు. నడుము నొప్పంటే ఇప్పుడు నెపం రైలు మీద వేస్తున్నాం. ఈసారి వాళ్లు నొప్పన్నప్పుడు, పగలా రాత్రా అని అడుగుదాం.